హెల్మెట్ గారి గ్రాఫిక్స్ డ్రైవరు

ఆ ఉదయానికి ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బజారుకు వెళ్లి రంగుల నమూనాలు, టైల్సు ముక్కలు తీసుకురావాలి. ఆవిడ తల్లి, అంటే భర్తకు అత్తగారు, ముందుగది సర్ది, కుర్చీల మీద ఆరేసిన తువ్వాళ్లను లోపలికి చేర్చాలి. భర్త సెలవు పెట్టాడు గనక, పదకొండు గంటలకు రాబోయే కంటి డాక్టరమ్మకు కాఫీ పెట్టాలి. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కదానికీ కంప్యూటరును ముట్టుకోవాల్సిన అవసరం లేదు.

భర్త ఒక ఫ్యాక్టరీలో భద్రతాధికారి. అక్కడ ఆయన్ను అందరూ వెనకాల హెల్మెట్ గారు అంటారు, కాస్త ధైర్యం ఉన్నవాళ్లు ఎదురుగానే అంటారు. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఆయన హెల్మెట్ పెట్టుకునే మార్చేవారు. మంటలార్పే సిలిండర్లు ఇంట్లో రెండున్నాయి. ఒకటి వంటింట్లోది, రెండోది ఆ మొదటిదానికే ఏమైనా అయితే వాడటానికి. మనిషి మాత్రం వెన్న. పెళ్లాం తుమ్మితే కిటికీ మూస్తారు, మళ్లీ తుమ్మితే కిటికీ తెరుస్తారు.

భార్య ఇంటీరియర్ డిజైనరు. చాలా ఏళ్లు ఒక పెద్ద కంపెనీలో పనిచేసింది. ఆవిడ గీసిన గదులన్నీ ఆ కంపెనీ యజమాని పేరు మీదే బయటికి వెళ్లేవి. విసిగిపోయి బయటికొచ్చి, ముందుగదిలో సొంతంగా బల్ల వేసుకుంది. అప్పటినుంచీ వచ్చినవన్నీ వంటింటి అలమరాలూ, చెప్పుల స్టాండులూ. ఇప్పుడు మొదటిసారి ఒక పెద్ద పని గుమ్మం దాకా వచ్చింది. కొత్తగా కట్టిన కంటి ఆసుపత్రికి లోపలి హాలూ, గదులూ ఎలా ఉండాలో గీసివ్వాలి. ఇద్దరు పెద్ద కంపెనీలవాళ్లు పోటీలో ఉన్నారు. డాక్టరమ్మ ఇవాళ స్వయంగా వచ్చి, ఈవిడ గీసింది తెర మీద చూసి, ఎవరికిస్తుందో తేల్చేస్తుంది. ఆ పని దొరికితే గోడ మీద తన పేరుతో ఒక పలక ఉంటుంది. దొరక్కపోతే మళ్లీ చెప్పుల స్టాండులే.

ఇక కంప్యూటరు సంగతి. అందులో ఇదివరకున్న పాత సిస్టమ్, ఒకసారి కస్టమరు ఎదురుగా కూర్చుని చూస్తుండగా, ఇప్పుడే నన్ను నేను సరిచేసుకుంటానని ప్రకటించి, గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. కస్టమరు కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ కోపంతో ఆవిడ తన తమ్ముణ్ణి పిలిపించి, పోయిన వారమే దాని బదులు లినక్స్ అనే వేరే సిస్టమ్ వేయించింది. తమ్ముడిది కంప్యూటర్ల పనే, పక్క ఊళ్లో ఉంటాడు. గీసే ప్రోగ్రాము లినక్స్‌లో శుభ్రంగా నడిచింది. ఒక్కటే లోటు. ఆసుపత్రి గదుల్లో నడుచుకుంటూ వెళ్తున్నట్టు చూపించే బొమ్మ, మలుపుల దగ్గర కాస్త తడబడేది.

"గ్రాఫిక్స్ డ్రైవర్ మారిస్తే సాఫీగా పోతుందక్కా," అన్నాడు తమ్ముడు ఫోన్లో. "కానీ ఇప్పుడొద్దు. డాక్టరమ్మ వచ్చి వెళ్లాక నేనే మారుస్తా. అప్పటిదాకా ఎవరూ కదిలించకండి."

ఆ మాట ఆవిడ విన్నది. పక్కనే కూర్చుని ఆయనా విన్నారు. అయితే ఆయనకు అందులో 'మారిస్తే సాఫీగా పోతుంది' అన్నంత వరకే వినిపించింది. ఎందుకంటే ఈ వారం రోజుల్లో లినక్స్ మీద ఇంట్లో ఎక్కువ మోజు పడింది భార్య కాదు, భర్త. ఎవరూ అడక్కుండా ఏదీ మారదు, ప్రతిదానికీ అనుమతి అడుగుతుంది, తాళం చెవులూ కాపలాలూ ఉంటాయని తెలిశాక ఆయనకు అది తన ఫ్యాక్టరీలాగే అనిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఎదురుపడ్డవాళ్లందరికీ లినక్స్ వేయించుకోమని చెప్పడం మొదలుపెట్టారు. పాలు పోయడానికి వచ్చినవాడు గిన్నె చేతిలో పెట్టి పారిపోయేవాడు.

"నేను వచ్చేదాకా దాని జోలికి పోకండి," అంది భార్య చెప్పులేసుకుంటూ.

"పోతానా?" అన్నారు హెల్మెట్ గారు.

ఆవిడ దాన్ని జవాబనుకుంది. ఆయన మాత్రం నిజంగా ప్రశ్నే అడిగారు. గేటు మూసుకున్న చప్పుడు వినగానే, పోవాలనే తేల్చుకున్నారు.

ఆయన ఉద్దేశంలో దోషం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందురోజు సాయంత్రం భార్య ఆ బొమ్మను నడిపిస్తూ, మలుపు రాగానే ఊపిరి బిగబట్టడం ఆయన చూశారు. అది ఆయన గుండెలో గుచ్చుకుంది. డాక్టరమ్మ ముందు ఆ బొమ్మ తడబడకుండా పోతే, ఆవిడ వెనక్కి తిరిగి తనవైపు ఒక్కసారి చూస్తే, అంతే చాలనుకున్నారు. పైగా డ్రైవరంటే అంత భయపడాల్సిందేమీ కాదని చదివి తెలుసుకున్నారు. కంప్యూటరు లోపల బొమ్మలు తయారుచేసే కార్డు ఒకటుంటుంది. దాని భాష మిగతా సిస్టమ్‌కు రాదు. వాళ్లిద్దరికీ మధ్య కూర్చునే దుబాసీయే డ్రైవరు. ఉన్న దుబాసీ నత్తినత్తిగా మాట్లాడుతున్నాడు. వాణ్ణి పంపించి బాగా మాట్లాడేవాణ్ణి పెట్టడమే చేయాల్సిన పని. డ్రైవరనగానే అందరికీ తట్టే కారు జోకును అత్తగారు పోయిన వారమే వేసేశారు గనక దాన్ని మళ్లీ చెప్పడం లేదు.

హెల్మెట్ గారు హెల్మెట్ పెట్టుకున్నారు.

కొత్తగా వచ్చినవాళ్లు ఏం చేయాలో తెలిసినవాళ్లు రాసిన సలహాలన్నీ ఆయనకు నోటికి వచ్చు. డ్రైవరును ఎక్కడపడితే అక్కడి నుంచి దించుకోకూడదు, సిస్టమ్ తనంతట తాను మంచిదని చూపించేదాన్నే ఎంచుకోవాలి. మొదలుపెట్టకముందు ఉన్నది ఉన్నట్టుగా నకలు తీసి పెట్టుకోవాలి. మధ్యలో కరెంటు పోకూడదు. అన్నీ మంచి మాటలే. ఎవరైనా మామూలు మనిషి వాటిని పాటించి, పది నిమిషాల్లో పని ముగించుకుని కాఫీ తాగేవాడు. కానీ మంచి సలహా భద్రతాధికారి చేతిలో పడితే దానికి కాళ్లూ చేతులూ మొలుస్తాయి.

ముందు నకలు. సిస్టమ్ మొత్తాన్నీ ఒక చిన్న బయటి డిస్కులోకి నకలు తీశారు. అది బల్ల సొరుగులో పెడితే సరిపోయేది. అయితే అసలూ నకలూ ఒకే కప్పు కింద ఉండకూడదని ఫ్యాక్టరీ నియమం. ఇల్లంటుకుంటే రెండూ కలిసి కాలిపోతాయి కదా! కాబట్టి డిస్కును పట్టుకెళ్లి ఎదురింటి ట్యూషన్ మేష్టారి చేతిలో పెట్టారు.

"చాలా ముఖ్యమైంది మేష్టారూ. ఎవరడిగినా ఇవ్వకండి."

"మీరడిగినా?"

"ఫోన్లో అడిగితే నాకు కూడా ఇవ్వకండి. గొంతును నమ్మడానికి లేదు. మనిషిని ఎదురుగా చూసి ఇవ్వండి."

జీవితంలో ఎవరూ తననింత నమ్మలేదని మేష్టారికి కళ్లు చెమ్మగిల్లాయి. డిస్కును లోపలి జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నారు.

తరువాత కరెంటు. దీనికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రమాదం అత్తగారు. వెలిగిన స్విచ్చి కనిపిస్తే ఆర్పకుండా ఉండలేని మనిషి ఆవిడ. హెల్మెట్ గారు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఎర్ర డబ్బాను కంప్యూటరు స్విచ్చి మీద బిగించి తాళం వేశారు.

"నా చేతులకి తాళం వేస్తున్నారా అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు, చేతిలో తువ్వాళ్లతో నిలబడి.

"మీకు కాదండీ, స్విచ్చికి."

"స్విచ్చి దానంతటదే ఆరిపోతుందా ఏంటి? ఈ ఇంట్లో ఆర్పేది నేనొక్కదాన్నే కదా."

దీనికి ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు భద్రతాధికారులు మనుషుల్ని అక్కడినుంచి ఖాళీ చేయిస్తారు. "అదికాదండీ, కాసేపట్లో దీన్ని రీస్టార్ట్ చేస్తున్నా. ఆ టైములో గదిలో అవసరం లేని వాళ్లు ఉండకూడదు. మీరు గేటు దగ్గర నిలబడండి. అది మన సురక్షిత స్థలం."

"అవసరం లేనిదాన్నన్నమాట," అని తువ్వాళ్లు ఆయన భుజం మీద వేసేసి, ఆవిడ వెళ్లి గేటు దగ్గర నిలబడ్డారు.

ఇక అసలు పని. సిస్టమ్ చూపించిన డ్రైవర్లలో ఇది మంచిదని రాసి ఉన్నదాన్నే ఎంచుకున్నారు. మధ్యలో ఒక చిన్న కిటికీ తెరుచుకుని, ఒక సంకేతపదం పెట్టుకోమంది, రీస్టార్ట్ అయ్యాక దాన్ని అడుగుతానంది. ఆయనకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. అక్షరాలూ అంకెలూ గుర్తులూ కలిపి, దొంగల ముఠా కలిసికట్టుగా కూర్చున్నా కనిపెట్టలేని పదం పెట్టి, దాన్ని గొణుక్కుంటూ బట్టీ పట్టారు. ఆ తరువాత రీస్టార్ట్ నొక్కారు. ఇంతవరకూ ఆయన చేసినదాంట్లో వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు కూడా లేదు.

తెర నల్లబడింది. ఆ వెంటనే నీలంగా మారింది.

ఆయన ఎదురుచూసింది సంకేతపదం రాసుకునే పెట్టె. వచ్చింది మాత్రం ముఖం తెలియని నీలం తెర. ఏదో ఒక మీట నొక్కండి, అని దాని మీద తెల్లటి అక్షరాలు. ఆ కిందే అంకెలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. అంకెలు తగ్గుతూ వచ్చేవాటితో ఆయన ఉద్యోగంలో మంచి అనుభవాలు లేవు. పైగా ఏదో ఒకటి నొక్కమని చెప్పే యంత్రాన్ని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఫ్యాక్టరీ గోడల నిండా ఆయన స్వయంగా రాయించిన మాట ఒకటుంది: 'తెలియని మీటను ముట్టుకోవద్దు. వెనక్కి తగ్గు. గమనించు.' హెల్మెట్ గారు వెనక్కి తగ్గారు. చేతులు పొరపాటున కూడా ముందుకు పోకుండా వీపు వెనక కట్టుకున్నారు. గమనించారు. అంకెలు అయిపోయాయి, నీలం తెర తన దారిన తాను పోయింది.

కంప్యూటరు మామూలుగానే తెరుచుకుంది. కానీ ఒక్కో అక్షరం అరచేయంత ఉంది. బొమ్మలన్నీ తడి గుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. భార్య గీసిన ఆసుపత్రిని తెరిచి నడిపిద్దామని చూస్తే, నిన్నటిదాకా మలుపుల దగ్గరే తడబడిన బొమ్మ ఇప్పుడు అడుగడుక్కీ ఆగి ఆలోచించుకుంటోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు చెప్పింది ఇలాంటి వాళ్లను చూసే అయి ఉంటుంది.

"ఎవరూ లోపలికి రాకండి!" అని కిటికీలోంచి ఒక్క కేక పెట్టి, ఆయన బావమరిదికి ఫోన్ చేశారు.

"బస్సులో ఉన్నా బావగారూ, అక్కకి తోడుంటానని వస్తున్నా. గట్టిగా చెప్పండి," అన్నాడతను.

"అనుకోని సంఘటన ఒకటి జరిగింది."

"అక్కకేమైనా అయిందా?"

"ఇంకా అవలేదు. తను బజారు నుంచి రావాలి."

"మరేంటి?"

"గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చా."

"ఇవాళా?" అని బావమరిది బస్సు మోతను మించి అరిచాడు. "సరే, అయిందేదో అయింది. నీలం తెర వచ్చిందా?"

"వచ్చింది."

"మీట నొక్కారా?"

"నొక్కలేదు," అన్నారు హెల్మెట్ గారు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"అయ్యో, ఎందుకు నొక్కలేదు?"

"ఎందుకు నొక్కాలి? అదెవరో నాకు తెలీదు."

"అది సిస్టమ్ వాకిట్లో కాపలా మనిషి బావగారూ! కొత్త డ్రైవర్ వస్తే, వీడు మనవాడేనని మీరు పరిచయం చేయాలి. మీట నొక్కి, మీరు పెట్టిన ఆ పదం చెబితే లోపలికి రానిస్తాడు. మీరు పలకలేదు కాబట్టి బయటే నిలబెట్టేశాడు."

"అపరిచితుణ్ణి లోపలికి రానివ్వలేదన్నమాట," అన్నారు హెల్మెట్ గారు. "మంచి ఏర్పాటే."

"మంచిదే! పాతవాణ్ణి పక్కకి తప్పించారు, కొత్తవాడు వాకిట్లో ఉన్నాడు, లోపల పనిచేసేవాడు ఎవరూ లేరు. అందుకే తెర అలా ఉంది. ఆ నీలం తెర మళ్లీ రావాలంటే దానికో పద్ధతుంది, మీరు చేస్తే ఇంకా కెలుకుతారు. నేనొచ్చేసరికి డాక్టరమ్మ వచ్చేస్తుంది. ఒక పని చేయండి. మొదలుపెట్టే ముందు నకలు తీశారా?"

"తీయకుండా ఉంటానా?"

"హమ్మయ్య! ఆ డిస్కు తగిలించి వెనక్కి వెళ్లిపోండి. అంతా పొద్దున్న ఉన్నట్టు అయిపోతుంది."

హెల్మెట్ గారి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ట్యూషన్ మేష్టారి నంబరు కలిపారు. మేష్టారు పనుండి ఊరి అవతలికి వెళ్లారు. డిస్కు మాత్రం ఆయన జేబులోనే ఉంది.

"భద్రంగా ఉందండీ, ఏం కంగారు పడకండి," అన్నారు మేష్టారు.

"భద్రం చాలు మేష్టారూ, ఇప్పుడది నాకు కావాలి. ఎవరైనా ఆటోవాడి చేతికిచ్చి పంపించండి."

అవతల మేష్టారు చిన్నగా నవ్వారు. "నన్ను పరీక్షిస్తున్నారు కదూ? మీరడిగినా ఇవ్వొద్దని చెప్పారుగా."

"పరీక్ష కాదండీ, నేనే మాట్లాడుతున్నా!"

"గొంతును నమ్మడానికి లేదన్నారు," అని మేష్టారు తృప్తిగా ఫోన్ పెట్టేశారు. ఇంత బాగా నియమం పాటించే మనిషి ఫ్యాక్టరీలో ఒక్కడు కూడా లేడే అని, అంత బాధలోనూ హెల్మెట్ గారికి ఒక్క క్షణం అనిపించింది.

ఈలోగా గేటు దగ్గర కథ వేరే దారి పట్టింది. అత్తగారు ఇంట్లోకి పోకుండా వీధిలో నిలబడటం చూసి పక్కింటావిడ కారణమడిగింది. "లోపల మా అల్లుడు ఏదో చేస్తున్నాడట, గదిలో మనుషులుండకూడదట," అన్నారావిడ. అంతలోనే కిటికీలోంచి ఎవరూ రావద్దన్న కేక వినిపించింది. పక్కింటావిడ తనింట్లో పొయ్యి ఆర్పేసి, పిల్లలతో సహా బయటికొచ్చేసింది. అది చూసి ఆ పైవాటా వాళ్లు దిగారు. గ్యాసు కారుతోందని ఒకరంటే, నాకూ వాసనొస్తోందని ఇంకొకరన్నారు. ముక్కుపట్టుకున్న మనుషులతో గేటు ముందు సందడి మొదలైంది.

సరిగ్గా అప్పుడే, అనుకున్న వేళకు కాస్త ముందుగా, చేతిసంచీ పట్టుకుని కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ అక్కడికి వచ్చింది. అంతమందిని చూసి ఆగి, "ఏమైందండీ?" అని అత్తగారిని అడిగింది.

"మా అల్లుడు రీస్టార్ట్ చేస్తున్నాడమ్మా. అయ్యేదాకా ఎవరూ లోపలికి పోకూడదు."

"ప్రమాదమా?"

"ఆయనకి అన్నీ ప్రమాదాలే. పెళ్లిచూపులకొచ్చి, పిల్ల నచ్చిందా అంటే, ఇంట్లోంచి బయటికి రెండో దారెటని అడిగాడు." అత్తగారు నిట్టూర్చారు. "నా బాధ అది కాదు. ఇవాళ ఎవరో కంటి డాక్టరమ్మ వస్తుందట. ఆవిడ ఊఁ అంటే మా పిల్ల పడ్డ కష్టానికి ఫలితం దక్కుతుంది. పాపం, పిచ్చిది, వారం నుంచి తిండి కూడా ఆ బల్ల దగ్గరే. ఆవిడొచ్చి ఈ గోల చూసిందనుకో, వెనక్కి తిరిగి పోతుంది."

కళ్లజోడావిడ వెనక్కి తిరగకుండా అత్తగారి పక్కనే నీడకు నిలబడింది.

రంగుల నమూనాలు చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగిన భార్యకు ముందు గుంపు కనిపించింది, తరువాత తల్లి కనిపించింది, ఆ తరువాత తల్లి పక్కన నిలబడ్డ మనిషి ఎవరో తెలిసి పరుగెత్తుకొచ్చింది. "డాక్టరుగారూ! మీరేంటండీ ఇక్కడ నిలబడ్డారు?"

అత్తగారు నాలుక కరుచుకున్నారు. అదే క్షణంలో హెల్మెట్ గారు, తలమీద హెల్మెట్, భుజం మీద తువ్వాళ్లతో బయటికొచ్చారు. గుంపును చూడగానే అలవాటు కొద్దీ వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, డాక్టరమ్మ దగ్గర ఆగిపోయారు.

"మీరు ఏ ఇంటివారండీ?"

"ఇంకా ఏ ఇంటికీ రానిచ్చినట్టు లేరు," అంది డాక్టరమ్మ.

ఆవిణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి, కాఫీ పని అత్తగారికి అప్పగించి, భార్య ఆయన్ను నడవాలోకి లాక్కెళ్లింది.

"ఏం చేశారు?"

"ప్రతి అడుగూ జాగ్రత్తతోనే వేశానోయ్. ముందుగా నకలు..."

"ఏం చేశారని అడుగుతున్నా."

ఆయన చెప్పారు. ఆవిడ అరుస్తుందనుకున్నారు, అరిస్తే బాగుండుననిపించింది. ఆవిడ అరవలేదు. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లూ నేను గీసినవాటి కింద ఇంకెవరి పేరో ఉండేది," అంది మెల్లగా. "ఇవాళ నా పేరు ఉంటుందనుకున్నానండీ. అంతే."

హెల్మెట్ గారు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నారు. ఎవరికీ దెబ్బ తగలకూడదని బతికిన మనిషి, అందరికంటే ఇష్టమైన మనిషికి తన చేతుల్తోనే దెబ్బ తగిలించారు. "రేపటికి వాయిదా వేయమందాం," అన్నారు.

"రేపు ఆవిడ ఊళ్లో ఉండదు. మిగతా ఇద్దరివీ నిన్ననే చూసేసింది కూడా. ఉన్నదేదో చూపిస్తా." ఆవిడ కళ్లు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది.

తెర మీద ఆసుపత్రి తెరుచుకుంది. మసక మసగ్గా, అంచులన్నీ రంపపు పళ్లలా ఉన్నాయి. హాలు మధ్యలో ఉన్న కుర్చీలు కుర్చీలో, మూటలో పోల్చుకోవడం కష్టంగా ఉంది. గోడ మీద రాసిన అక్షరాలు ముద్దయిపోయాయి. భార్య మీట నొక్కగానే బొమ్మ ఒక అడుగు వేసి ఆగింది, మళ్లీ ఒక అడుగు వేసింది. డాక్టరమ్మ ముందుకు వంగింది. కళ్లజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. హెల్మెట్ గారు గుమ్మం పక్కన గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు.

"నన్ను నడిపించనివ్వండి," అంది డాక్టరమ్మ హఠాత్తుగా. కుర్చీ ముందుకు లాక్కుని మీటలు తన చేతిలోకి తీసుకుంది. హాల్లోంచి, నేల మీద పసుపుపచ్చగా సాగిన వెడల్పాటి పట్టీ వెంట అడుగడుగునా ఆగుతూ ఆ బొమ్మలో నడిచింది. "ఇది డాక్టరు గది. అవునా? ఈ నల్లనీలం తలుపు టాయిలెట్. అక్కడ ఎర్రగా ఉన్నది మందులిచ్చే చోటు."

"అవునండీ," అంది భార్య నీరసంగా.

"ఒక్క బోర్డు కూడా చదవకుండా కనుక్కున్నా." డాక్టరమ్మ వెనక్కి ఆనుకుంది. "నిన్న ఇద్దరు చూపించారమ్మా. అద్దంలా మెరిసిపోయాయి. నేలలో నా ముఖం కూడా కనిపించింది. అన్నీ నాలా చూపున్నవాళ్ల కోసం గీసినవే. కానీ ఆ హాల్లో కూర్చునేది నేను కాదు కదా! పొరలు కమ్మినవాళ్లు, కళ్లలో చుక్కలు వేయించుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లకి లోకం అచ్చం ఇలాగే ఉంటుంది. అడుగు వేసి, ఆగి, తడుముకుని మళ్లీ అడుగు. నిన్నటివాళ్ల గాజు తలుపులు ఇందులో పెడితే, మా పేషెంట్లు నేరుగా వెళ్లి గుద్దుకుంటారు."

భార్య కుర్చీ దగ్గరికి జరిగి మౌసు అందుకుంది.

డాక్టరమ్మ ఇంకో అడుగు వేసి ఆగింది. "ఇక్కడ మెట్టుందా?"

"ఉందండీ."

"నాకు కనపడలేదు."

"మెట్టు అంచు వేరే రంగులో ఉండాల్సిందే, లేకపోతే తట్టుకుంటారు," అని గుమ్మం దగ్గర్నుంచి హెల్మెట్ గారు ఉండబట్టలేక అనేశారు. భార్య చేయి అప్పటికే మౌసు మీద ఉంది. మెట్టు అంచు తెల్లబడింది. ఆ మసకలోంచి అది గీత గీసినట్టు పైకి తేలింది.

"ఇలా చూపించాలన్న ఆలోచన ఎవరిది?" అంది డాక్టరమ్మ.

భార్య మింగలేక కక్కలేక, "మా వారిదండీ," అంది.

డాక్టరమ్మ ఆయనవైపు తిరిగింది. అబద్ధమాడటం హెల్మెట్ గారికి చేతకాదు. ప్రమాదం జరిగితే దాచకూడదు, ఒప్పుకోవాలి. ఆయన రెండడుగులు ముందుకొచ్చి, తల వంచుకుని నిలబడ్డారు. "ఇవాళ ఈ తెర ఇలా ఉండటానికి పూర్తి బాధ్యత నాదేనండీ. మా ఆవిడకు ఇందులో ఏ సంబంధం లేదు. తను వద్దని కూడా చెప్పింది."

"అయినా మీరు చేశారు."

"పొద్దున్నుంచీ ఇదే పని మీద ఉన్నానండీ."

"ఎంత వినయం!" అంది డాక్టరమ్మ భార్యతో. "మామూలుగా మగవాళ్లు భార్య పని ఎలా సాగుతోందో కూడా అడగరు. ఈయన రోగి కళ్లతో చూడాలని పొద్దున్నుంచీ కూర్చున్నాడు." లేచి నిలబడి చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "పని మీదేనమ్మా. గోడ మీద పలక మీద మీ పేరు ఎలా రాయాలో రాసి పంపండి. కాకపోతే ఒక్క షరతు. వచ్చే వారం ఆసుపత్రి నడిపే మా ట్రస్టువాళ్లందర్నీ తీసుకొస్తా. వాళ్లకీ సరిగ్గా ఇలాగే చూపించాలి. ఇంతకంటే ఒక్క అక్షరం స్పష్టంగా కనిపించినా నాకు నచ్చదు."

ఆవిడ గేటు దాటిందో లేదో, భార్య కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. హెల్మెట్ గారికి ఏది ముందు ఆపాలో తెలియక మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆవిడ ఆ గ్లాసు పక్కన పెట్టి, ఆయన చేయి పట్టుకుని, ఆయన ముందురోజు నుంచీ ఎదురుచూస్తున్న ఆ చూపు చూసింది.

అప్పుడు బావమరిది దూసుకొచ్చాడు. బస్సు దిగిన దగ్గర్నుంచీ పరిగెత్తినట్టున్నాడు, చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. "తప్పుకోండి బావగారూ, ఒక్క నిమిషం! ఇప్పుడే బాగుచేసేస్తా," అని కంప్యూటరు ముందు కూర్చోబోయాడు.

"ముట్టుకోకు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. భార్య చేతులు చాచి తెరకు అడ్డంగా నిలబడింది, కాఫీ కప్పులు పట్టుకుని అత్తగారు కొడుక్కీ బల్లకూ మధ్యకు వచ్చారు.

ట్రస్టువాళ్లు వచ్చి వెళ్లేదాకా, ఆ డ్రైవరు పొరపాటున కూడా బాగుపడకుండా హెల్మెట్ గారు తగిన జాగ్రత్తలన్నీ తీసుకుంటున్నారు.